మా చెరువు కోసం చిన్న గ్రాంట్ దొరుకుతుందంటున్నారు, తీసుకోవాలా వద్దా?

చెరువుకట్ట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సంగారెడ్డి జిల్లాలో మాదో ఊరు, పేరు ఇప్పుడే చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మా ఊరి చెరువు కోసం రెండేళ్లుగా పదిహేను మందిమి తిరుగుతున్నాం. రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక లాంగ్ నోట్‌బుక్, అంతే. పైన ఒక వెంచర్ వాళ్లు చెరువులోకి నీళ్లొచ్చే వాగును సగం పూడ్చారు, మిగిలిన సగంలోంచి ఏడాది పొడుగునా మురుగే వస్తోంది. గుర్రపుడెక్క కట్టదాకా అల్లుకుంది. మొన్న బతుకమ్మకు ఆడవాళ్లు నీళ్లలోకి దిగలేకపోయారు. కట్ట పక్కన గుంట తవ్వి, ట్యాంకర్ తెప్పించి అందులో పోసి, ఆ నీళ్లలో వదిలారు బతుకమ్మలను. మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇప్పటిదాకా ఖర్చంతా జేబులోంచే. ముదిరాజ్ సంఘం వాళ్లు చేపల డబ్బులోంచి ఆరు వేలు ఇచ్చారు, ఇప్పుడు చేపలే లేవు కాబట్టి మళ్లీ అడగలేం. ఆర్టీఐ కాగితాలు, జిరాక్సులు, తహసీల్దార్ ఆఫీసుకి, ఇరిగేషన్ ఆఫీసుకి తిరగడానికి బస్సు ఛార్జీలు, పెట్రోలు. నీళ్ల పరీక్ష చేయిద్దామని ఒక ప్రైవేటు ల్యాబ్‌ను అడిగితే మూడు చోట్ల శాంపిళ్లకు పన్నెండు వేలు అన్నారు. అక్కడ ఆగిపోయాం.

నా స్నేహితుడు డల్లాస్‌లో ఉంటాడు, హెచ్1బీ మీద. ప్రపంచమంతా ఇలాంటి చిన్న గుంపులకు మూడు వేలు, ఐదు వేల డాలర్లు ఇచ్చే ఫౌండేషన్లు ఉన్నాయట, అప్లై చేద్దాం, లేకపోతే మా ఆఫీసులో అందరి దగ్గరా వసూలు చేసి పంపిస్తా అంటున్నాడు. ఈ మాట చెప్పినప్పటి నుంచి మా వాళ్లు రెండుగా చీలిపోయారు. కుర్రాళ్లు తీసుకుందామంటారు. మాలో పెద్దాయన ఒకాయన మాత్రం "పైసలొచ్చిన్నాడే మనం విడిపోతం, రాసి పెట్టుకోండ్రి" అన్నాడు. ఆయన మాట తీసెయ్యలేను, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టిందే ఆయన.

అడగాలనుకున్నవి ఇవి. ఇంత చిన్న డబ్బుతో నిజంగా ఎక్కడైనా ఏదైనా నిలబడిందా? చట్టం ప్రకారం మాలాంటి వాళ్లం తీసుకోవచ్చా? తీసుకుంటే గుంపు పాడవకుండా ఎలా చూసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం

తమ్ముడూ, ముందు డబ్బు ఏ దారిన వస్తుందో చూడు, తీసుకోవాలా వద్దా అన్నది తర్వాత. అనంతపురం జిల్లాలో ఒక సంస్థలో పద్నాలుగేళ్లు అకౌంట్స్ చూశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

బయటి దేశం నుంచి ఫౌండేషన్ డబ్బు ఒక్క డాలరు వచ్చినా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కిందికి వస్తుంది. 2010 నాటి చట్టం, 2020లో ఇంకా బిగించారు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పుట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు పనుల మీద ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. ఇవన్నీ ఒక ఎత్తు. మీలాంటి వాళ్లకు అసలు దెబ్బ వేరే ఉంది. ఇదివరకు ఒక పెద్ద సంస్థ విదేశీ నిధి తెచ్చుకుని, అందులోంచి ఊళ్లలో చిన్న సంఘాలకు యాభై వేలు, లక్ష పంచేది. చాలా పల్లె సంఘాలు అలా బతికాయి, ఆ ఓచర్లు నా చేత్తో రాశాను. 2020 సవరణ ఆ పంచడాన్నే పూర్తిగా ఆపేసింది. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థకు కూడా ఇవ్వడానికి లేదు. కాబట్టి విదేశీ ఫౌండేషన్ గ్రాంట్ మీ పదిహేను మందికి ఇప్పట్లో అయ్యే పని కాదు. ఎవరో ఒకరి పర్సనల్ అకౌంట్‌లో వేయించుకుందాం అని ఎవరన్నా అంటే అస్సలు వినకు, చెరువు కేసు పోయి మీ మీద కేసు అవుతుంది.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. అతనికి ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, తన సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ నిధి కాదు, తీసుకోవచ్చు. అమెరికన్ సిటిజన్ అయిపోయి ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇస్తే అది విదేశీ నిధే. ఆఫీసులో అందరి దగ్గరా వసూలు చేసి పంపడం, కంపెనీ చేత అంతే మొత్తం కలిపించడం (మ్యాచింగ్) వద్దే వద్దు. ఈ తేడా తెలియక ఇబ్బంది పడినవాళ్లను చూశాను.

ఇంకో దారి, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వాళ్ల స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్. 1992లో మొదలైంది, నడిపేది ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ, ఇండియాలో 1996 నుంచి ఉంది. చాలాకాలం గరిష్ఠ పరిమితి 50,000 డాలర్లు. ప్రతి దేశంలో ఒక కమిటీ కూర్చుని ఎవరికివ్వాలో తేలుస్తుంది, అందులో ప్రభుత్వం బయటివాళ్లే ఎక్కువ మంది ఉండాలన్నది రూలు. నాకు నచ్చేది, ఊరివాళ్ల శ్రమను కూడా వాటాగా లెక్కకడతారు, కట్ట మీద నలభై మంది తట్టలు మోస్తే అది కూడా పుస్తకంలోకి ఎక్కుతుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు నేరుగా ఇచ్చే డబ్బును ఎఫ్‌సీఆర్ఏ విదేశీ నిధిగా చూడదు. కానీ దానికైనా రిజిస్టరైన సంస్థ కావాలి. సొసైటీల చట్టం (2001) కింద ఏడుగురు ఉంటే చాలు. అది చేసుకోండి, గ్రాంట్ తీసుకున్నా తీసుకోకపోయినా పనికొస్తుంది.

గుంపు పాడవడం గురించి నేను చూసింది ఒకటే చెబుతా. నేను పనిచేసిన చోటికి ఒకసారి నాలుగు లక్షల చిల్లర గ్రాంట్ వచ్చింది, గుట్ట మీద గుంతలు తవ్వి విత్తనం వెయ్యడానికి. మూడు నెలలకోసారి రిపోర్టు, ప్రతి ఖర్చుకూ బిల్లు. ఎద్దుల బండి తోలినాయన బిల్లెక్కడ తెస్తాడు? ఓచరు మీద వేలిముద్ర వేయించి పంపితే ఒప్పుకోలేదు. వాళ్లకు జవాబులు రాయడంలో జూన్, జులై గడిచిపోయాయి. వానలు పడ్డాయి, వెళ్లాయి. ఆ ఏడు విత్తనం వెయ్యలేదు. కాగితాలు మాత్రం చాలా శుభ్రంగా ఉన్నాయి. ఆ ఫైలు గుర్తొస్తే ఇప్పటికీ బాధే. కాబట్టి ఇచ్చేవాళ్లు ఎలాంటి లెక్క అడుగుతారో ముందే అడగండి, డబ్బెంత అన్నది తర్వాత అడగండి.

కరూరాదారి

నేను నైరోబీలో ఉంటాను, మా ఆయన ఉద్యోగం వల్ల వచ్చి ఎనిమిదేళ్లయింది. మొదటి ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే దానికి జవాబు మా ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో ఉంది.

నగరం లోపలే వెయ్యి హెక్టార్లకు పైగా అడవి, కరూరా అంటారు. ఆదివారం పొద్దున పిల్లలను తీసుకుని వెళ్తాం. ఎర్రమట్టి దారి, లోపల ఒక జలపాతం, కోతులు. వాన పడిన మర్నాడు ఆ మట్టి బూట్లకు అంటుకుంటే ఎంత కడిగినా పోదు, మా నల్లగొండ చేలల్లో మట్టిలాగే. 1990ల చివర్లో ఈ అడవిని ముక్కలు చేసి బిల్డర్లకు ఇచ్చేశారు. కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాథాయ్, ఆమె వెంట ఉన్నవాళ్లు మొక్కలు పట్టుకుని నాటడానికి వెళ్తే 1999 జనవరిలో కాపలా మూక కొట్టి ఆమె తల పగలగొట్టింది. ఇవాళ అడవి ఉంది.

ఆవిడ పేరు అందరికీ 2004 నోబెల్ శాంతి బహుమతి వల్లే తెలుసు. కానీ మీకు పనికొచ్చేది మొదటి పదేళ్ల కథ. 1977 జూన్ 5న ఏడు మొక్కలతో మొదలుపెట్టారు, వాటిలో చాలావరకు బతకలేదు. డబ్బు లేదు. కెన్యా జాతీయ మహిళా మండలి నీడలో నడిచిన పని అది. ఫారెస్టు శాఖ వాళ్లు మొక్కలు పెంచాలంటే చదువుకున్నవాళ్లు కావాలి, ఈ ఆడవాళ్లకేం తెలుసు అన్నారట. వీళ్లు పగిలిన కుండల్లో నారు పోశారు, చుట్టుపక్కల చెట్ల కింద గింజలు ఏరుకొచ్చారు, ఏది మొలుస్తుందో చూసుకుంటూ నేర్చుకున్నారు.

డబ్బు ఎక్కడ పనిచేసిందంటే, బతికిన ప్రతి మొక్కకూ పెంచిన ఆడమనిషికి కొద్దిపాటి సొమ్ము ఇచ్చేవాళ్లు, అప్పటి లెక్కలో నాలుగు అమెరికన్ సెంట్లంత. నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు. ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగి ఆలోచించండి. ఫోటో దిగి వెళ్లిపోతే పైసా రాదు. ఆ ఆడమనిషి రోజూ బిందెతో నీళ్లు పోస్తుంది, మేకలను తోలుతుంది, అప్పుడే ఆ నాలుగు సెంట్లు. కట్టెల కోసం మైళ్లు నడిచే మనిషికి అది చేతిలోకి వచ్చే సొంత డబ్బు, మొగుణ్ణి అడగక్కర్లేనిది. 1980ల మొదట్లో ఐక్యరాజ్యసమితి మహిళల నిధి నుంచి లక్షకు పైగా డాలర్లు వచ్చాయి, నార్వే అటవీ సంఘం కూడా తోడు నిలిచింది. ఆ పెద్ద డబ్బు కూడా చివరికి ఇలా సెంట్లుగా విడిపోయి ఊరూరా నర్సరీల్లోకి పోయింది. నోబెల్ వచ్చేనాటికి మూడు కోట్ల చెట్లు.

మీ పెద్దాయన భయపడుతున్నది కూడా అక్కడ జరిగింది. 1989లో నైరోబీ నడిబొడ్డున ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కడతామని ప్రభుత్వం అంటే ఆవిడ వద్దంది. పార్లమెంటులో తిట్టారు. ప్రభుత్వ భవనంలో ఉన్న ఆఫీసును ఖాళీ చెయ్యమన్నారు, ఉన్నపళంగా. అందరూ ఫైళ్లు మోసుకుని ఆవిడ చిన్న ఇంట్లోకి మారి అక్కణ్నుంచే పనిచేశారు. భవనం రాలేదు, పెట్టుబడి పెట్టేవాళ్లు వెనక్కి తగ్గారు. ఆఫీసు పోయినా ఉద్యమం పోకపోవడానికి కారణం ఊళ్లలో నర్సరీలు నడిపే ఆడవాళ్లు ఆఫీసు మీద ఆధారపడి లేకపోవడమే అని నాకనిపిస్తుంది. ఆ పార్కులో ఇప్పుడు మధ్యాహ్నం పూట జనం గడ్డిలో పడుకుని నిద్రపోతుంటారు. చూసినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది.

బీలగట్టు

పైన చెప్పినవన్నీ మంచివే. కానీ నేను మీ పెద్దాయన పక్షం.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. మా బీల గురించి వినే ఉంటారు. ఏడాదంతా నీళ్లుండే తంపర భూములు, వరి, చేపలు, జమ్ము, గొడ్లకు గడ్డి. అక్కడ థర్మల్ ప్లాంటు పెడతామంటే రైతులు, మత్స్యకారులు కలిసి నిలబడ్డారు. 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. టెంటు కింద రిలే దీక్షలో మా చిన్నాన్న వంతు వచ్చినరోజు మా పిన్ని అతని బదులు వలకు వెళ్లింది. ఆ టెంటుకి ఏ ఫౌండేషనూ డబ్బివ్వలేదు. ఇంటికి కొంత బియ్యం, కొంత చందా, అలా సాగింది. అలా సాగింది కాబట్టే "మీ వెనకాల ఎవరున్నారు, ఏ దేశం డబ్బిస్తోంది" అని అడిగినవాళ్లకు మా దగ్గర జవాబుండేది.

ఆ ప్రశ్న మీకూ వస్తుంది, తప్పకుండా వస్తుంది. మీరు వెంచర్ మీద ఫిర్యాదు చేసిన మర్నాడే వస్తుంది. అందుకే అసలు మీకు ఎంత కావాలో ముందు చూసుకోండి. ఆర్టీఐకి పంచాయతీలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం అడగకుండా దరఖాస్తు వేస్తే ఫీజు 1000 రూపాయలు, మనకు చెన్నై బెంచి. లాయరు లేకుండా కూడా వెయ్యొచ్చు. కానీ సంగతి మొదలైన ఆరు నెలల్లోపు వెయ్యాలి, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఇంకో రెండు నెలలు, అంతకు మించి ఇవ్వరు. మీరు రెండేళ్లుగా తిరుగుతున్నామన్నారు, ఇది ముందు ఎవరైనా తెలిసిన లాయరుకు చూపించండి. గ్రాంట్ కోసం ఎదురుచూస్తూ తేదీ పోగొట్టుకోకండి. అదే నా భయం.

సముద్రానికవతల

బీలగట్టు అన్నా, మీ మాటను కాదనను. కానీ డబ్బు అంటే ఎప్పుడూ ఫౌండేషన్, ప్రాజెక్టు, రిపోర్టు అనే అనుకోనక్కర్లేదు.

నేను కాలిఫోర్నియాలో వెంచురా పక్కన ఉంటాను. 1970ల మొదట్లో ఇక్కడి నది ముఖద్వారం దగ్గర కట్టడాలు కడదామని ప్లాను వేశారు. నది ఎప్పుడో చచ్చిపోయింది కదా, కడితే పోయేదేముంది అన్నారట నిపుణులు. మీటింగులో మార్క్ కపెల్లి అనే విద్యార్థి లేచి ఆ నదిలో తను తీసిన స్లైడ్లు వేసి చూపించాడు, పక్షులు, నీటిపాములు, సముద్రానికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న స్టీల్‌హెడ్ చేపపిల్లలు. ప్లాను ఆగిపోయింది. ఆ మీటింగులో ఉన్న ఇవాన్ షునార్డ్ (తర్వాత పటగోనియా బట్టల కంపెనీ పెట్టినాయన) అతనికి ఇచ్చిందేంటంటే ఒక ఆఫీసు బల్ల, ఉత్తరాలు రావడానికి ఒక పెట్టె, అప్పుడప్పుడు కొంత డబ్బు. అంతే. ఆ కంపెనీ 1985 నుంచి అమ్మకాల్లో ఒక శాతం ఇలాంటి చిన్న గుంపులకు ఇస్తోంది, ఆ అలవాటుకు మొదలు ఈ బల్లే. వీకెండ్ ఆ నది ఒడ్డున నడుస్తుంటే నాకు ముందు ఆ బల్లే గుర్తొస్తుంది.

కాబట్టి చెరువుకట్ట తమ్ముడూ, మీకు కూడా ఎవరైనా స్కానర్ ఇవ్వొచ్చు, కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ తలుపు తియ్యొచ్చు, సర్వేయరు ఒక ఆదివారం వచ్చి ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) కొలిచి పెట్టొచ్చు. వీటికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇంకో సంగతి. ఇక్కడ కొలరాడోలో గ్లోబల్ గ్రీన్‌గ్రాంట్స్ ఫండ్ అని ఉంది, 1993 నుంచి. కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల దాకా ఇస్తారు. వాళ్లకు నేరుగా అప్లై చెయ్యడం ఉండదు, ఆయా ప్రాంతాల్లో ఉద్యమాల్లో ఉన్నవాళ్లే సలహా మండలిగా ఉండి, ఫలానా ఊళ్లో ఫలానావాళ్లు పనిచేస్తున్నారు, వాళ్లకివ్వండి అని చెబుతారు. ఇచ్చే చెయ్యి దూరంగా ఉన్నా చూసే కన్ను దగ్గర్లో ఉండాలని వాళ్ల లెక్క. లెక్కలపుస్తకం గారు చెప్పిన చట్టం వల్ల మీకు ఇది ఇప్పుడు అందదు, కానీ పద్ధతి మాత్రం మీ దాతల విషయంలో వాడుకోండి. మీ స్నేహితుడు డబ్బు పంపితే దేనికి ఖర్చుపెట్టాలో డల్లాస్‌లో కాదు, కట్ట మీద తేలాలి.

పచ్చజొన్న

మాది జహీరాబాద్ దిక్కు, అంటే మీ జిల్లానే తమ్మీ. అందరూ కెన్యా, కాలిఫోర్నియా చెప్పారు, పక్కనే పస్తాపూర్ ఉంది కదా.

ఆ పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి మా దగ్గర పనిచేస్తోంది. సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. 1990ల్లో పడావు పడ్డ భూములను సాగులోకి తేవడానికి ఎకరానికి ఇంతని చిన్న మొత్తం అప్పుగా ఇచ్చారు, దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి. తిరిగి కట్టాల్సింది డబ్బుగా కాదు, జొన్నలుగా, కొన్నేళ్లపాటు విడతలుగా. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, ఏ ఇల్లు ఎంత పేదదో సంఘం ఆడవాళ్లే నేల మీద గీతలు గీసి తేల్చి, ఆ ఇళ్లకు తక్కువ ధరకు అమ్మారు. వచ్చిన సొమ్ము మళ్లీ ఊరి నిధే. నేను మొదటిసారి ఈ సంగతి మా నానమ్మ దగ్గర విన్నప్పుడు చిన్నపిల్లను, ఆవిడ చేతిని సోలలా పట్టి కొలిచి చూపించింది. డబ్బు బయటి నుంచి వచ్చినా ఊళ్లోకి అడుగుపెట్టగానే గింజ అయిపోయింది, గింజ అయ్యాక దానిమీద ఆడవాళ్లకు పట్టు వచ్చింది. గింజ బాగుందో పుచ్చిందో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

విత్తనాలు కూడా అంతే, ఈ ఏడు తీసుకున్నవాళ్లు పంట రాగానే తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగిస్తారు. బూడిద, వేపాకు కలిపి మట్టిపూసిన బుట్టల్లో దాస్తారు. 2019లో యూఎన్‌డీపీ ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది, దానితో వచ్చే సొమ్ము పది వేల డాలర్లు. మాచనూరులో వాళ్లే నడిపే సంఘం రేడియో 2008 నుంచి ఉంది. ఏటా పాత పంటల జాతరలో ఎద్దుల బండ్ల మీద విత్తనాల బుట్టలు ఊరూరా తిరుగుతాయి, ఈసారి వచ్చి చూడు. మీ కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది? బతుకమ్మ గురించి రాశావు కానీ ఆ పదిహేను మందిలో వాళ్లున్నారో లేదో రాయలేదు.

చెరువుకట్ట

అందరికీ చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నా, నిన్న రాత్రి ఇదంతా ఫోన్లో మా వాళ్లకు చదివి వినిపించాను, గంటన్నర పట్టింది.

పచ్చజొన్న అక్కా, పదిహేను మందిలో ఒక్కరే ఆడమనిషి, అదీ అంగన్‌వాడీ టీచరమ్మ. మీరడిగాక సిగ్గేసింది. మా అమ్మను, ఆమెతో బతుకమ్మ పేర్చే ఇంకో ఏడుగురిని ఆదివారం రమ్మన్నాం.

పెద్దాయన కెన్యా సంగతి మొత్తం విన్నాడు. "బతికిన మొక్కకే పైసలా" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి ఆయనే అన్నాడు, ఫౌండేషన్ వద్దు, డల్లాస్ పిల్లగాడు తన జీతంలోంచి ఇస్తే నీళ్ల పరీక్షకు మాత్రం తీసుకుందాం, పరీక్ష కాగితం మీద మూడు శాంపిళ్లు ఎక్కడ పట్టామో సర్వే నంబర్లతో సహా ఉండాలి, మిగిలిన రూపాయి కూడా గుడి దగ్గర బోర్డు మీద రాయాలి అని. ఆఫీసు వసూళ్లు వద్దని నా స్నేహితుడికి చెప్పేశాను, వాడి పాస్‌పోర్టు ఇండియాదే. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురి పేర్లు రాసుకున్నాం, అందులో ముగ్గురు ఆడవాళ్లు.

ట్రిబ్యునల్ తేదీ సంగతి మాకు అసలు తెలియదు. వాగు పూడ్చింది రెండేళ్ల కిందట, కానీ మొన్న ఉగాది తర్వాత మళ్లీ కొత్తగా మట్టి పోశారు, ఫోటోలు తేదీతో సహా ఉన్నాయి. బీలగట్టు అన్నా, ఆ కొత్త మట్టిని లెక్కలోకి తీసుకుంటారా?

బీలగట్టు

కొత్తగా పోసిన మట్టి మీద గట్టిగా అడగొచ్చనే నేననుకుంటున్నా, కానీ నేను లాయర్ని కాను. ఈ వారంలోనే ఒక లాయరు దగ్గర కూర్చోండి. ఫోన్లో అసలు ఫోటోలు డిలీట్ చెయ్యకండి, వాట్సాప్‌లో పంపినవి సరిపోవు, వాటిలో తేదీ వివరాలు పోతాయి. శాంపిల్ పట్టేటప్పుడు పంచాయతీ నుంచి ఒకరిని పక్కన నిలబెట్టి సంతకం తీసుకోండి.

లెక్కలపుస్తకం

ల్యాబ్‌ను ముందే అడిగి వాళ్లిచ్చే సీసాల్లోనే పట్టండి, ఐస్ పెట్టెలో పెట్టుకుని అదే రోజు చేర్చండి. మధ్యాహ్నం పట్టి మర్నాడు తీసుకెళ్తే ఆ డబ్బు వృథా. ఖర్చులకు ఒక చిన్న పుస్తకం పెట్టు, ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది, ప్రతి లైను పక్కన ఇద్దరి సంతకం, అందులో ఒకటి టీచరమ్మది. మొదటి పేజీ నిండాక ఫోటో తీసి నాకు పంపు, చూసి చెబుతా. బస్సు టికెట్లు మాత్రం పారెయ్యకండి.